స్పర్స్ సీజన్ల పట్టిక రాస్తూ 1996-97 దగ్గర ఆగిపోయాను, కాస్త చెప్పండి

నాలుగో_క్వార్టర్:

అందరికీ నమస్కారం. అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో ఆడే శాన్ ఆంటోనియో స్పర్స్ జట్టు చరిత్రని సీజన్ల వారీగా రాసుకుంటున్నాను. ప్రతి సీజన్‌కీ ఒక వరుస. గెలుపులు, ఓటములు, కోచ్ ఎవరు, ప్లేఆఫ్స్‌లో ఎంతవరకు వెళ్ళారు, పక్కనే ఆ ఏడాది ఏం జరిగిందో రెండు మూడు వాక్యాలు. నేను ఈ జట్టుని చూడటం మొదలుపెట్టింది టిమ్ డంకన్ ఆడిన చివరి ఏళ్ళలో, అందుకే పాత సీజన్లన్నీ చదివి తెలుసుకున్నవే తప్ప చూసినవి కావు.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, 1995-96లో 59-23, 1996-97లో 20-62, 1997-98లో 56-26. ఈ మూడూ ఒకదాని కింద ఒకటి రాసేసరికి ఎక్కడో అంకె తప్పు వేశానేమో అని మళ్ళీ సరిచూసుకున్నాను. తప్పేం లేదు. డేవిడ్ రాబిన్సన్‌కి గాయమైంది, ఓడారు, డంకన్ వచ్చాడు, గెలిచారు అని చాలామంది ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఇంకొందరేమో డంకన్ కోసం కావాలనే ఓడిపోయారని గట్టిగా అంటారు, అడుగున ఉన్న జట్లకే కొత్త ఆటగాళ్ళని ముందుగా ఎంచుకునే లాటరీలో అవకాశం ఎక్కువ కదా. నేను ఏది రాయాలి? ఒక జట్టు మీద కావాలని ఓడిందన్న మాట రాయాలంటే నాకు మనసొప్పడం లేదు, అలాగని నిజం దాచినట్టూ ఉండకూడదు.

ఇంకో రెండు సందేహాలు. డల్లాస్‌లో ఉన్న ఏళ్ళని కలపాలా? లాకౌట్ (యజమానులకీ ఆటగాళ్ళకీ ఒప్పందం కుదరక ఆట ఆగడం) వల్ల 50 మ్యాచ్‌లే జరిగిన 1998-99ని 82 మ్యాచ్‌ల సీజన్ల పక్కన ఎలా పెట్టాలి?

---

హెమిస్‌ఫెయిర్_గ్యాలరీ:

డల్లాస్ ఏళ్ళు కలపండి, కానీ వేరే శీర్షిక కింద పెట్టండి. 1967లో ఎన్‌బీఏకి పోటీ లీగ్‌గా ఏబీఏ మొదలైనప్పుడు ఈ జట్టు డల్లాస్ చాపరల్స్. 1970-71లో ఒక్క ఏడాది టెక్సస్ చాపరల్స్ అని పేరు మార్చుకుని డల్లాస్, ఫోర్ట్ వర్త్, లబక్ మూడు ఊళ్ళలోనూ ఆడారు, ఎక్కడా జనం రాలేదు, మళ్ళీ డల్లాస్‌కే వెళ్ళారు. 1973లో శాన్ ఆంటోనియో వ్యాపారులు కొందరు జట్టుని ముందు లీజుకి తీసుకున్నారు, ఊరికి నచ్చకపోతే తిరిగిచ్చేయవచ్చు అన్నట్టుగా. ఏడాది తిరగకుండానే హెమిస్‌ఫెయిర్ అరీనాకి జనం బాగా రావడంతో సొంతం చేసుకున్నారు. అంటే స్పర్స్ అనే పేరు, ఆ ఊరితో బంధం, అన్నీ 1973-74 నుంచే. ఆ మొదటి సీజన్ మధ్యలోనే, 1974 జనవరిలో, వర్జీనియా స్క్వైర్స్ నుంచి జార్జ్ గెర్విన్ వచ్చాడు. నన్నడిగితే ఈ జట్టు అసలు చరిత్ర ఆ రోజు నుంచే.

1976లో ఏబీఏ మూతపడి స్పర్స్, నెట్స్, నగ్గెట్స్, పేసర్స్ నాలుగు జట్లే ఎన్‌బీఏలోకి వచ్చాయి, ఒక్కో జట్టూ ప్రవేశానికి 32 లక్షల డాలర్లు కట్టాల్సి వచ్చింది. మీ పట్టికలో కాన్ఫరెన్స్ (లీగ్‌లో ఈస్ట్, వెస్ట్ అని రెండు సగాలు) కోసం కూడా ఒక గడి పెట్టుకోండి, ఎందుకంటే మొదటి నాలుగు ఎన్‌బీఏ సీజన్లు స్పర్స్ ఈస్టర్న్ కాన్ఫరెన్స్‌లో ఆడారు, 1980-81లో వెస్టర్న్‌కి మారారు. ఇది తెలియకపోతే 1979 వరుస రాసేటప్పుడు తికమక పడతారు. ఆ ఏడాది ఈస్ట్ ఫైనల్లో వాషింగ్టన్ బుల్లెట్స్ మీద ఏడు మ్యాచ్‌ల సిరీస్‌లో 3-1 ఆధిక్యంలో ఉండి వరుసగా మూడు ఓడారు, ఏడో మ్యాచ్ 107-105. రెండు పాయింట్లు. ఆ రెండు పాయింట్లు అటు తిరిగి ఉంటే, మొదటి ఫైనల్స్ కోసం ఈ ఊరు ఇంకో ఇరవై ఏళ్ళు ఎదురు చూడాల్సి వచ్చేది కాదు.

1977-78 దగ్గర మాత్రం దయచేసి రెండు వాక్యాలతో సరిపెట్టకండి. 1978 ఏప్రిల్ 9, సీజన్ చివరి రోజు. సగటు పాయింట్లలో మొదటి స్థానం కోసం గెర్విన్‌కీ డెన్వర్ ఆటగాడు డేవిడ్ థాంప్సన్‌కీ పోటీ. మధ్యాహ్నం డెట్రాయిట్‌లో థాంప్సన్ 73 కొట్టేశాడు. రాత్రి న్యూ ఆర్లియన్స్‌లో దిగుతున్న గెర్విన్‌కి 58 కావాలి. రెండో క్వార్టర్ ఒక్కదాంట్లోనే 33 వేశాడు, మొత్తం 63. ఆఖరికి సగటు గెర్విన్‌ది 27.22, థాంప్సన్‌ది 27.15. మ్యాచ్ ఓడిపోయారు లెండి, 153-132తో, కానీ అప్పటికి మూడు పాయింట్ల గీత ఎన్‌బీఏలో లేదన్నది గుర్తుపెట్టుకుని ఆ 63 చూడండి.

ఆ తర్వాత 1982లోనూ 1983లోనూ వెస్ట్ ఫైనల్‌కి వెళ్ళి రెండుసార్లూ లేకర్స్ చేతిలో ఓడారు. 1983-84 నుంచి 1988-89 దాకా ఆరేళ్ళు త్వరగా దాటేయొచ్చు, ఒక్క ఏడాదీ సగం కంటే ఎక్కువ గెలవలేదు.

---

ఇరవై_ఒకటి:

1996-97 సంగతి నేను చెప్తాను. ఆ సీజన్ అంటే నాకు చాలా ఇష్టం, వింతగా అనిపించినా సరే.

ముందుగా, రాబిన్సన్‌కి గాయమైంది అన్న ఒక్క మాట సరిపోదు. సీజన్ మొదలయ్యేసరికే అతనికి నడుం నొప్పి, డిసెంబర్‌లో తిరిగొచ్చాడు, ఆరు మ్యాచ్‌లు ఆడాడు, పాదం ఎముక విరిగింది, అంతే. షాన్ ఎలియట్ 39 మ్యాచ్‌లే ఆడగలిగాడు. చక్ పర్సన్ నడుం నొప్పితో సీజన్ మొత్తం బయటే. చివరికి జట్టులో అందరికంటే ఎక్కువ సగటు ఎవరిదో చూడండి, 37 ఏళ్ళ డొమినిక్ విల్కిన్స్‌ది. కెరీర్‌లో ఎక్కువ కాలం అట్లాంటాలో ఆకాశంలోకి ఎగిరిన మనిషి, ఆ వయసులో ఒక కూలిపోయిన జట్టుని రోజూ మోశాడు. మీ వాక్యాల్లో అతని పేరు తప్పకుండా ఉండాలి, ఎవరూ రాయరు.

ఇంకోటి, 3-15 ఉన్నప్పుడు కోచ్ బాబ్ హిల్‌ని తీసేశారు. తీసేసింది జనరల్ మేనేజర్ గ్రెగ్ పోపోవిచ్. కొత్త కోచ్‌గా వచ్చిందీ ఆయనే. రాబిన్సన్ తిరిగొస్తున్న సమయానికి సరిగ్గా ఆ పని చేశాడని అభిమానులు మండిపడ్డారు. ముందు రెండు సీజన్లలో 62, 59 గెలిపించిన కోచ్‌ని పంపించి తనే కూర్చున్నాడంటే కోపం రాదా మరి. ఆ సీజన్‌లో మిగిలిన 64 మ్యాచ్‌లలో పోపోవిచ్ గెలిచింది 17. ఆ రోజున ఈయనే అందరికంటే ఎక్కువ గెలిచిన కోచ్ అవుతాడని ఎవరైనా అని ఉంటే నమ్మేవాళ్ళు కాదు.

ఇక కావాలనే ఓడారా అన్నది. రాబిన్సన్ పాదం విరిగాక ఆ సీజన్‌లో తిరిగి దించడానికి ఎవరూ తొందరపడలేదు, అంతవరకు నిజం. కానీ ఓడటం వల్ల డంకన్ వచ్చాడు అనడం తప్పు. ఆ ఏడాది స్పర్స్ కంటే కింద రెండు జట్లున్నాయి. వాంకూవర్ 14-68, కానీ కొత్తగా లీగ్‌లో చేరిన జట్టు కాబట్టి నిబంధన ప్రకారం వాళ్ళకి మొదటి పిక్, అంటే అందరికంటే ముందు ఎంచుకునే హక్కు, దక్కదు. బోస్టన్ 15-67, పైగా వాళ్ళ చేతిలో రెండు లాటరీ పిక్‌లు. అందరికంటే ఎక్కువ అవకాశం బోస్టన్‌కే. బంతులు తిరిగాయి, శాన్ ఆంటోనియో పేరొచ్చింది, బోస్టన్‌కి మూడు, ఆరు వచ్చాయి. ఓటములు వాళ్ళకి ఒక టికెట్ ఇచ్చాయి, అది కూడా అందరికంటే పెద్ద టికెట్ కాదు, మిగతాదంతా అదృష్టం. మీరు ఇదే రాయండి, ఎవరి మీదా నింద వేసినట్టు ఉండదు, నిజం దాచినట్టూ ఉండదు.

ఇంకో మాట. ఆ 56-26 డంకన్ ఒక్కడి వల్ల వచ్చింది కాదు. రాబిన్సన్ తిరిగొచ్చాడు, ఎముకలు అతుక్కున్నాయి. 59 గెలిచిన జట్టు ఎలాగూ తిరిగి నిలబడేదే, దానికి డంకన్ తోడయ్యాడు. ఇద్దరు పొడవాటి వాళ్ళు పక్కపక్కన, ఒకరి ఆట ఇంకొకరికి అడ్డం రాకుండా. అప్పటికే ఎంవీపీ (ఉత్తమ ఆటగాడి అవార్డు) అందుకున్న రాబిన్సన్ తన స్థానాన్ని మెల్లగా ఇరవై ఒక్కేళ్ళ కుర్రాడికి వదిలి పక్కకి జరిగాడు, ఎవరూ అడగకుండానే. నాకు ఈ జట్టు మీద ప్రేమ పుట్టిందే అక్కడ.

---

లెక్క_సరిచూద్దాం:

లాకౌట్ సీజన్లకి గెలుపు శాతం రాయండి, దాని పక్కనే 82 మ్యాచ్‌లైతే ఎన్ని అయ్యేవో ఒక గడి పెట్టండి. 1998-99లో 37-13 అంటే 74 శాతం, 82కి లెక్కేస్తే 61 గెలుపుల దాకా వస్తుంది. 2011-12లో 66 మ్యాచ్‌లకి 50-16, అది 62 గెలుపులతో సమానం. కోవిడ్ వల్ల 2019-20లో 71 మ్యాచ్‌లు, 2020-21లో 72, వాటికీ ఇదే పద్ధతి.

ఇది చెయ్యకపోతే ఒక పెద్ద విషయం మీ పట్టికలో కనిపించకుండా పోతుంది. 1999-2000 నుంచి 2016-17 దాకా వరుసగా 18 సీజన్లు 50కి తగ్గకుండా గెలిచారని అందరూ రాస్తారు. దానికి ముందు ఏడాది 37 మాత్రమే కాబట్టి లెక్క అక్కడ తెగిపోతోంది. కానీ ఆ ఏడాది ఆడిందే 50 మ్యాచ్‌లు కదా, 50 గెలుపులు రావాలంటే ఒక్కటీ ఓడకూడదు! అంతకుముందు 1997-98లో 56 ఉన్నాయి. అంటే శాతంలో చూస్తే 20 సీజన్లు, డంకన్ అడుగుపెట్టిన రోజు నుంచీ. 2011-12లో 66 మ్యాచ్‌లలోనే సరిగ్గా 50 అందుకున్నారు, చివరి పది వరుసగా గెలిచి. ప్లేఆఫ్స్‌లో ఇంకో పది గెలిచారు, ఆ తర్వాత ఓక్లహోమా సిటీ చేతిలో వరుసగా నాలుగు ఓడి ఇంటికెళ్ళారు.

1998-99 వరుసలో మరో చిన్న విడమరుపు కావాలి. మొదటి 14 మ్యాచ్‌లలో 6-8. పోపోవిచ్ ఉద్యోగం ఊడుతుందన్న మాట అప్పుడు గట్టిగానే వినిపించింది. మిగిలిన 36లో 31 గెలిచారు. ప్లేఆఫ్స్‌లో 15-2. ఏబీఏ నుంచి వచ్చిన నాలుగు జట్లలో మొదటి ఎన్‌బీఏ టైటిల్ వీళ్ళదే.

---

హెమిస్‌ఫెయిర్_గ్యాలరీ:

1999 అన్నారు కాబట్టి ఇది కూడా. మే 31, పోర్ట్‌లాండ్‌తో వెస్ట్ ఫైనల్ రెండో మ్యాచ్, ఒక దశలో 18 పాయింట్లు వెనక. చివర్లో సైడ్‌లైన్ పక్కన షాన్ ఎలియట్ బంతి అందుకున్నాడు, మడమలు కిందకి పెడితే గీత తొక్కినట్టే, అందుకని మునివేళ్ళ మీద నిలబడి, రషీద్ వాలెస్ చేతుల మీదుగా మూడు పాయింట్లు వేశాడు. 86-85. అప్పటికే అతని కిడ్నీలు పాడైపోతున్నాయి. ఆగస్టులో అన్న కిడ్నీ ఇచ్చాడు, 2000 మార్చిలో మళ్ళీ కోర్టులోకి దిగాడు, కిడ్నీ మార్పిడి తర్వాత ఎన్‌బీఏలో ఆడిన మొదటి మనిషి. 1999-2000 వరుసలో 53-29, మొదటి రౌండ్‌లో ఫీనిక్స్ చేతిలో ఓటమి అని మాత్రమే రాస్తే అతనికి అన్యాయం చేసినట్టే.

---

బేస్‌లైన్:

అందరూ 1997 అంటున్నారు, నేను ఒప్పుకోను. ఎక్కువ రాయాల్సింది 2012-13 గురించి అన్నా, టైటిల్ రాని ఏడాది.

ఫైనల్స్ ఆరో మ్యాచ్, మయామిలో. 28 సెకన్లు ఉండగా ఐదు పాయింట్ల ఆధిక్యం. ట్రోఫీ ఇవ్వడానికి కోర్టు చుట్టూ పసుపు తాడు కట్టడానికి మనుషులు వచ్చేశారు. జినోబిలి రెండు ఫ్రీ త్రోల్లో ఒకటి పోగొట్టాడు, కవాయి లెనర్డ్ కూడా రెండింట్లో ఒకటి పోగొట్టాడు, డంకన్ బెంచి మీద ఉన్నాడు, మయామి వైపు లెబ్రాన్ తప్పిన షాట్‌ని క్రిస్ బాష్ అందుకుని మూలకి విసిరాడు, 5.2 సెకన్లు ఉండగా రే అలెన్ సమం చేశాడు. ఓవర్‌టైమ్‌లో 103-100. ఏడో మ్యాచ్ చివరి నిమిషంలో బుట్ట పక్కనే డంకన్ షాట్ తప్పింది, దాన్నే మళ్ళీ తోశాడు, అదీ పడలేదు, వెనక్కి పరిగెత్తి రెండు చేతులతో నేలని కొట్టాడు. 37 ఏళ్ళవాడు, అప్పటికి నాలుగు టైటిళ్ళు ఉన్నవాడు, అలా కొట్టడం చూసి నాకు ఏడుపొచ్చింది.

మరుసటి ఏడాది 62-20. ఆ సీజన్ మొత్తంలో ఒక్క ఆటగాడికీ సగటున 30 నిమిషాల ఆట లేదు, ఎన్‌బీఏలో అంతకుముందు ఏ జట్టూ అలా చెయ్యలేదు. అందరూ ఆడారు, అందరూ విసిరారు. మొదటి రౌండ్‌లో డల్లాస్ మీద ఏడు మ్యాచ్‌లు పట్టింది, ఇంటికెళ్ళేవాళ్ళే. ఫైనల్స్‌లో అదే మయామి, 4-1, ఐదు మ్యాచ్‌లూ కలిపి 70 పాయింట్ల తేడా. 22 ఏళ్ళ లెనర్డ్ ఫైనల్స్ ఎంవీపీ, ఏడాది ముందు ఫ్రీ త్రో పోగొట్టినవాడే. 2013 వరుస బాగా రాస్తేనే 2014 వరుస అర్థమవుతుంది.

---

ఇరవై_ఒకటి:

బేస్‌లైన్ చెప్పినదాంట్లో నాకు పేచీ లేదు, నిజానికి ఈ జట్టు పట్టికంతా అలాగే ఉంటుంది. 2004 చూడండి. లేకర్స్‌తో ఐదో మ్యాచ్, 0.4 సెకన్లు ఉండగా డంకన్ వేసిన షాట్‌తో 73-72, అయిపోయిందనుకున్నాం, ఆ 0.4లో లేకర్స్ ఆటగాడు డెరిక్ ఫిషర్ వేసి 74-73 చేశాడు. మరుసటి ఏడాది డెట్రాయిట్ మీద ఏడు మ్యాచ్‌ల్లో టైటిల్, రాబర్ట్ హారీ ఐదో మ్యాచ్‌లో గెలిపించాడు. 2006లో 63 గెలిచి డల్లాస్‌తో ఏడో మ్యాచ్‌లో మూడు పాయింట్లు ముందుండి జినోబిలి నొవిట్స్కీని ఫౌల్ చేశాడు, సమమైంది, ఓవర్‌టైమ్‌లో పోయింది. మరుసటి ఏడాది క్లీవ్‌లాండ్‌ని 4-0తో ఊడ్చి టైటిల్. ప్లేఆఫ్స్‌లో ఎక్కడ ఆగారు అన్న గడిలో ఎవరి చేతిలో ఓడారు అని మాత్రమే కాకుండా ఎలా ఓడారు అన్నది కూడా రాయండి, ఈ జట్టుకి అది చాలా అవసరం. 2002-03లో డంకన్ ఫైనల్స్ ఆరో మ్యాచ్‌లో 21 పాయింట్లు, 20 రీబౌండ్లు, 10 అసిస్టులు, 8 బ్లాకులు అన్నది మాత్రం యథాతథంగా దించండి, దానికి వ్యాఖ్య అక్కర్లేదు. రాబిన్సన్ ఆఖరి మ్యాచ్ అది.

---

నాలుగో_క్వార్టర్:

అందరికీ చాలా థాంక్స్. గెలుపు శాతం గడి పెట్టేశాను, కాన్ఫరెన్స్ గడి కూడా. డల్లాస్ ఏళ్ళు వేరే శీర్షిక కింద. 1996-97కి విల్కిన్స్ పేరు, 3-15, బోస్టన్ పిక్‌లు అన్నీ కలిపి తొమ్మిది వాక్యాలైంది, తగ్గించబుద్ధి కావడం లేదు.

రాస్తుంటే ఒకటి కనిపించింది. 1986-87లో 28-54, తర్వాత లాటరీలో మొదటి పిక్, రాబిన్సన్. 1996-97లో 20-62, మొదటి పిక్, డంకన్. 2022-23లో 22-60, మొదటి పిక్, వెంబన్యామా. డంకన్ రాగానే 36 గెలుపులు పెరిగాయి. మిగతా ఇద్దరికీ అలా జరగలేదు కదా, దాన్ని ఎలా వివరించాలి?

---

హెమిస్‌ఫెయిర్_గ్యాలరీ:

రాబిన్సన్ వెంటనే రాలేదండీ. నేవీలో ఉద్యోగం, రెండేళ్ళు అక్కడ పనిచేశాకే వచ్చాడు. ఆ రెండేళ్ళు స్పర్స్ ఎదురుచూస్తూనే ఓడారు, 31-51, తర్వాత 21-61. 1989-90లో అతను దిగగానే 56-26, అంటే 35 గెలుపులు పెరిగాయి, అప్పటికి ఎన్‌బీఏలో అదే రికార్డు. దాన్ని దాటింది మళ్ళీ వీళ్ళే, మీరు చెప్పిన ఆ 36తో. 1989-90లో కూడా రాబిన్సన్ ఒక్కడే కాదు, టెర్రీ కమింగ్స్‌ని తెచ్చుకున్నారు, షాన్ ఎలియట్ కొత్తగా వచ్చాడు. పోర్ట్‌లాండ్‌తో ఏడో మ్యాచ్ దాకా వెళ్ళారు.

వెంబన్యామా వచ్చిన 2023-24లో 22-60, ముందు ఏడాదికి అచ్చంగా అదే అంకె. రాబిన్సన్, డంకన్ వచ్చేసరికి పక్కన అనుభవం ఉన్నవాళ్ళున్నారు, ఇతని పక్కన ఉన్నదంతా కుర్రాళ్ళే. అదే వివరణ. ఆ సీజన్‌లో అతను రూకీ ఆఫ్ ది ఇయర్ (కొత్త ఆటగాళ్ళలో ఉత్తముడు) అవార్డు ఏకగ్రీవంగా గెలిచాడని పక్కన రాయండి. లేకపోతే రెండు 22-60లూ ఒకటే అనుకుంటారు చదివేవాళ్ళు.

---

బేస్‌లైన్:

2024-25 వరుసకి కోచ్ గడిలో రెండు పేర్లు రాయాలి అన్నా. నవంబర్ మొదట్లో పోపోవిచ్‌కి స్ట్రోక్ వచ్చింది, మిగతా సీజన్ మిచ్ జాన్సన్ నడిపాడు. ఫిబ్రవరిలో డియారన్ ఫాక్స్‌ని తెచ్చుకున్నారు, అదే నెల వెంబన్యామా భుజంలో రక్తం గడ్డ కట్టి సీజన్ ముగిసింది, అయినా 34-48. స్టెఫాన్ కాజల్ రూకీ ఆఫ్ ది ఇయర్. 2025 మే 2న పోపోవిచ్ కోచింగ్ వదిలేసి, 1,390 గెలుపులతో, జట్టు ఆఫీసులోకి మారాడు.

---

ఇరవై_ఒకటి:

స్టెఫాన్ కాజిల్ అని దిద్దుకోండి, కాజల్ కాదు. నాలుగో_క్వార్టర్ గారూ, పోపోవిచ్ 1,390 రాసేటప్పుడు అందులో మొదటి 17 మీ తొమ్మిది వాక్యాల సీజన్‌లోవే అని అక్కడే ఒక ముక్క కలపండి.

---

నాలుగో_క్వార్టర్:

కలిపాను. పది వాక్యాలైంది. ఇప్పుడు 1983-84 నుంచి ఆ ఆరేళ్ళు మొదలుపెడుతున్నాను.